నాలుగో అక్క

మా హామర్‌విక్ రేవులో ఏ పడవ చూసినా ఆడపేరే ఉంటుంది. మార్గిట్, ఇంగా, సిగ్నె, బెర్తా. పెళ్ళాం పేరో, తల్లి పేరో తెల్లరంగుతో పడవ ముక్కు మీద రాయించుకుని సముద్రం మీదకి పోతారు. చుక్కాని మాత్రం ఆడదాని చేతికివ్వరు. ఇది నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసిన సంగతికి అంత కోపం దేనికే అని అమ్మ అడిగేది. నాకైతే తెలిసిన సంగతికే ఎక్కువ కోపం వస్తుంది. ఇప్పటికీ వస్తోంది, పంతొమ్మిది వందల అరవై రెండు వేసవి గుర్తొచ్చినప్పుడల్లా.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. నాన్న పడవ మార్గిట్ మీద ఎనిమిది సీజన్లు పనిచేశాను. గాలాలకి ఎర గుచ్చాను, చేపల కడుపులు కోశాను, ఐసు మోశాను, వంట చేశాను. వీటన్నిటికంటే పెద్ద పని ఇంకోటి చేశాను. దాని సంగతి నాకూ నాన్నకీ తప్ప ఎవరికీ తెలియదు.

సముద్రంలో గాలాలు ఎక్కడ వేయాలో మావాళ్ళు కొండల్ని చూసి తెలుసుకుంటారు. తూర్పున అవతలి ఒడ్డు మీద అయిదు శిఖరాలు వరసగా ఉంటాయి. నార్వే నుంచి వచ్చిన మా తాతలు వాటికి అక్కచెల్లెళ్ళని పేరు పెట్టారు. ఉత్తరం నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తే పెద్దక్క, రెండో అక్క, మూడో అక్క, అలా. వాటికి ముందు, నీళ్ళలో, పక్షుల రెట్టలతో తెల్లబడ్డ బండ ఒకటి ఉంటుంది. ఫలానా అక్క సరిగ్గా ఆ తెల్లబండ నెత్తిన నిలబడేదాకా పడవ నడపాలి. అదే సమయానికి దక్షిణాన దీపస్తంభం చెట్ల చాటునుంచి బయటపడాలి. రెండు గుర్తులూ కుదిరినచోట అడుగున మెరక, మెరక మీద మనిషంత బరువున్న హాలిబట్ చేపలు. ఒక్క అక్క తప్పిందా, అడుగున రాళ్ళే.

ఈ గుర్తుల్ని పడవ నడిపే ప్రతి సరంగూ ఒక పుస్తకంలో రాసుకుంటాడు, చచ్చినా ఎవరికీ చూపించడు. నిండు పడవ రేవుకొస్తే గట్టు మీదున్నవాళ్ళు "ఎక్కడ?" అని అడుగుతారు. సరంగు "నీళ్ళలో" అంటాడు. అందరూ నవ్వుతారు. మా తాతల నాటినుంచీ ఇదే వరస. అడగకపోతే అమర్యాద. నిజం చెప్పినవాడు ఇంతవరకూ పుట్టలేదు.

నాన్న పుస్తకంలో ఇంకో మెలిక ఉంది. నా మొదటి సీజన్‌లో నన్ను పక్కన నిలబెట్టుకుని చెప్పాడు. "పుస్తకంలో ఏ అక్క అని ఉంటే, దాని తర్వాతి అక్కని చూడాలి. పుస్తకం దొంగలకి. ఈ మాట మనకి." మనకి అన్నాడు. పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఆ మాట ఎంత గర్వంగా ఉంటుందో ఆలోచించండి.

చివరి రెండేళ్ళూ ఆయన కళ్ళకి పొర కమ్మింది. ఆ సంగతి ఎవరితోనూ అనలేదు, నాతో కూడా. పడవ ముక్కు దగ్గర నిలబడి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవరొచ్చారే రాగ్నా?" అని మెల్లగా అడిగేవాడు. "మూడో ఆవిడ దాటింది... నాలుగో ఆవిడ వస్తోంది... ఆ, ఇప్పుడు" అని నేనూ మెల్లగా చెప్పేదాన్ని. అప్పుడు పడవంతా వినపడేలా "లంగరెయ్యండి!" అని అరిచేవాడు. ఆ రెండేళ్ళూ రేవు మొత్తంలో ఎక్కువ చేప తెచ్చింది మార్గిటే. మా నాన్న తోరాల్ఫ్ కళ్ళు డేగకళ్ళని ఊరంతా చెప్పుకున్నారు.

మే పదిహేడు మా నార్వే పండుగ. వాన పడుతున్నా పిల్లలు జెండాలు పట్టుకుని వీధంతా తిరిగారు, తర్వాత అందరం సంఘం హాల్లో చేరాం. మర్నాడు పడవలు వేటకి కదలాలి. నేను కాఫీ కెటిల్ పట్టుకుని బల్లల మధ్య తిరుగుతున్నాను. నాన్న లేచి నిలబడి కప్పు మీద చెంచాతో కొట్టాడు.

"నాకు అరవై ఎనిమిదొచ్చాయి. ఇంక నా వల్ల కాదు" అన్నాడు. "మా నాన్న నాకిచ్చాడు. నేను నా కొడుక్కిస్తున్నాను."

చొక్కా లోపలినుంచి మైనపు గుడ్డలో చుట్టిన పుస్తకం తీసి ఆర్విద్ చేతిలో పెట్టాడు. హాలంతా మెచ్చుకోలుగా బల్లలు చరిచారు. ఆర్విద్ నా తమ్ముడు, ఇరవై మూడేళ్ళవాడు. మూడేళ్ళుగా కెచికాన్ పట్నంలో రేడియోలు బాగుచేసుకుంటున్నాడు, పడవెక్కితే వాంతి చేసుకుంటాడు. పుస్తకాన్ని వేడి గిన్నెలా పట్టుకున్నాడు వాడు. నా వైపు చూడలేదు.

"ఏం రాగ్నా! ఇంక తమ్ముడికి వండిపెడతావన్నమాట" అన్నాడు సిగ్నె పడవ సరంగు హాల్వర్, కప్పు ముందుకు జరుపుతూ.

నేను కాఫీ పోశాను. కప్పు నిండింది. అయినా పోశాను. "అమ్మాయ్, నా చెయ్యి, నా చెయ్యి!" అని హాల్వర్ ఎగిరి దూకేదాకా పోస్తూనే ఉన్నాను.

హాలు బయట మెట్ల మీద నాన్న నన్ను పట్టుకున్నాడు. "మొహం అలా మాడ్చుకోకే. నువ్వెక్కడికి పోతావు? పడవలోనే ఉంటావుగా. వాడికి చేదోడుగా ఉండు."

"నాకెందుకివ్వలేదు నాన్నా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకా?" అన్నాడు. ఆ ఒక్క మాటకే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు ముగ్గురం బయల్దేరాం. నేను, ఆర్విద్, మాతో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న సీవర్ట్ బాబాయి. ఆయన నెమ్మదస్తుడు, పొగాకు నములుతూ తన పని తాను చేసుకుపోతాడు. సరంగు గుర్తుల జోలికి కళాసీ పోకూడదన్నది మా కట్టుబాటు. అందుకని గాలాలు వేసేచోట ఆయన ఎప్పుడూ కొండల వైపు వీపు పెట్టి నిలబడేవాడు.

ఆర్విద్ పుస్తకం తెరిచి, చుక్కాని పక్కన ఆనించి పెట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. నేను ఎర గుచ్చుతూ ఓరకంట చూస్తున్నాను. మూడో అక్క తెల్లబండ నెత్తిన నిలబడింది. పడవ ఆగింది.

"ఇక్కడే. వెయ్యండి" అన్నాడు వాడు.

చేతిలో గాలం అలాగే ఉండిపోయింది. అసలు మాట వాడికి చెప్పలేదన్నమాట నాన్న. పడవ వాడికి, పుస్తకం వాడికి, నిజం మాత్రం నా దగ్గరే ఉంచాడు. ఎందుకో అప్పుడు తోచలేదు. మర్చిపోయాడేమో అనుకున్నాను.

"బాగుందా అక్కా?" అన్నాడు ఆర్విద్.

"సరంగువి నువ్వు. నన్నడుగుతావేంట్రా?" అన్నాను.

గాలాల తాడు వేశాం. తీసినప్పుడు చిన్న సొరలు వచ్చాయి, ఖాళీ గాలాలు వచ్చాయి. తర్వాత తాడు రాళ్ళకి పట్టుకుంది. గిలక మూలిగింది. రెండు రోజుల్లో మూడు తాళ్ళు తెగిపోయాయి. ఆర్విద్ వాంతి చేసుకోవడం, మొహం కడుక్కోవడం, మళ్ళీ అదే పేజీ తీసి మళ్ళీ అదే మూడో అక్క కింద నిలబెట్టడం. నేను నోరు విప్పలేదు. విప్పకపోవడం బాగుంది కూడా. ఆ మాట ఇప్పుడు దాచి లాభం లేదు.

మూడో రోజు తాడు మళ్ళీ పట్టుకుంది. సీవర్ట్ బాబాయి దాన్ని విడిపించడానికి పక్కకి వంగాడు. తాడు ఉన్నట్టుండి వదులై ఎగిరొచ్చింది, గాలం ఆయన కుడి అరచేతిలో దిగి అవతలికి వచ్చింది. ఆయన అరవలేదు. "రాగ్నా, పటకారు పట్రామ్మా" అన్నాడు, మామూలుగా, ఉప్పు అడిగినట్టు. గాలం ముల్లు కత్తిరించి వెనక్కి లాగింది నేనే. లాగుతున్నంతసేపూ ఆయన నా మొహం చూశాడు. నేనాయన మొహం చూడలేకపోయాను.

ఖాళీ పడవతో రేవుకొచ్చాం. గట్టు మీదున్నవాళ్ళు ఎవరూ "ఎక్కడ?" అని అడగలేదు. ఒక విడత వేటకి వెళ్ళొస్తే ఎనిమిది రోజులు పడవ కట్టేసి ఉంచాలని మా రేవు పడవలన్నీ కలిసి పెట్టుకున్న నియమం. ఆ ఎనిమిది రోజులూ ఊరు నవ్వింది. రేడియో అబ్బాయి సముద్రంలో స్టేషన్ పట్టుకోలేకపోయాడన్నారు. డేగ కడుపున కోడి పుట్టిందన్నారు.

నాన్న వంటింట్లో నన్ను కూర్చోబెట్టాడు. అమ్మ పొయ్యి దగ్గర బంగాళాదుంప రొట్టెలు కాలుస్తోంది.

"నాలుగో అక్క అని వాడికి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాడు.

"నువ్వెందుకు చెప్పలేదు?"

"నువ్వున్నావుగా!" అన్నాడు. అదేదో సంజాయిషీ అయినట్టు, ఇంక నేను నోరు మూసుకోవాల్సినట్టు. "వాడి పక్కన నిలబడి మెల్లగా చెబుతావనుకున్నాను. నాకు చెప్పినట్టే. వాడు మగాడు, పదిమందిలో తిరగాలి. నువ్వు ఇంట్లో పిల్లవి, నీకు పేరు దేనికి?"

అప్పుడు అర్థమైంది. మర్చిపోవడమూ లేదు, గిర్చిపోవడమూ లేదు. పేరు వాడికిచ్చి, కళ్ళు నావి వాడుకుందామని ముందే అనుకున్నాడు. తనకి రెండేళ్ళు నడిచింది, కొడుక్కి జన్మంతా నడుస్తుందని లెక్కేసుకున్నాడు.

"చుక్కాని నాకివ్వు. ఎన్ని గుర్తులు కావాలంటే అన్ని చెబుతాను."

"హాల్లో అందరిముందూ వాడికిచ్చాను. ఎలా వెనక్కి తీసుకుంటానే?"

"మళ్ళీ అందరిముందే తీసుకో."

"నన్ను చూసి నవ్వరూ?"

"ఇప్పుడు ఏడుస్తున్నారా?"

అమ్మ రొట్టె తిరగేసింది. "దాని మాట విను" అంది, వెనక్కి తిరక్కుండానే. నాన్న బల్ల మీద గుద్దాడు. "నీ పేరు పడవకి పెట్టాను, చాలదా?" అన్నాడు. "చాల్లేదు" అంది అమ్మ. నా ఇరవై ఆరేళ్ళలో ఆవిడ అలా అనడం నేను వినలేదు. నాన్న కూడా ఎప్పుడూ విన్నట్టు లేడు.

"నేనే వస్తాను పడవ మీదకి" అని లేచిపోయాడు.

రెండో విడతకి నలుగురం వెళ్ళాం. సీవర్ట్ బాబాయి చేతికి కట్టుతోనే వచ్చాడు. సీజన్ పోతే ఆయనకి చలికాలం గడవదు. నాన్న ముక్కు దగ్గర నిలబడ్డాడు, పాత భంగిమలోనే, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆకాశం తేటగా ఉంది. అయిదుగురు అక్కలూ మంచు టోపీలతో సహా కనిపిస్తున్నారు, చంటిపిల్లాడైనా లెక్కపెట్టగలడు.

"ఎవరొచ్చారే రాగ్నా?" అన్నాడు మెల్లగా.

నేను ఎర గుచ్చుతున్నాను.

"రాగ్నా."

"నాకేం తెలుసు నాన్నా? నేను ఇంట్లో పిల్లని" అన్నాను, అందరికీ వినపడేలా.

ఆయన మెడ ఎర్రబడింది. తర్వాత చెయ్యెత్తి, "అదుగో, నాలుగోది నెత్తిన కూర్చుంది, లంగరెయ్యండి!" అని అరిచాడు. ఆయన వేలు చూపిస్తున్నచోట శిఖరం లేదు. దక్షిణాన ఓ మబ్బు మాత్రం ఉంది.

ఆర్విద్ ఆ వేలు చూశాడు, మబ్బు చూశాడు, నన్ను చూశాడు. వాడి నోరు తెరుచుకుంది. "నాన్నకి కళ్ళు..." అని ఆగిపోయాడు. సీవర్ట్ బాబాయి అలవాటుగా కొండలకి వీపు పెట్టి నిలబడి, కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఉన్నాడు. ఆ కట్టు మీద నెత్తురు మరక ఉంది. అది నా మౌనం చేసిన గాయం. మళ్ళీ ఆయన చేత రాళ్ళమీంచి తాళ్ళు లాగించడం నా వల్ల కాలేదు.

"జరగరా" అన్నాను తమ్ముడితో.

వాడు జరిగాడు. నేను చుక్కాని పట్టుకున్నాను. మూడో అక్క దాటింది, నాలుగో అక్క మెల్లగా వచ్చి తెల్లబండ నెత్తిన నిలబడింది, దీపస్తంభం చెట్లు దాటింది. "వెయ్యండి" అన్నాను. లంగరు పడింది.

తాడు పైకి వస్తుంటే ఒకదాని వెనక ఒకటి, తలుపుల్లా పెద్ద పెద్ద చేపలు. ఆర్విద్ వాంతి సంగతి మర్చిపోయి నవ్వుతున్నాడు. నాలుగు రోజులు చుక్కాని నేనే పట్టాను. రెండో రోజు నాన్న చేపల్ని చేత్తో తడిమి చూసి, "చూశావుట్రా ఆర్విద్, ఇలా పట్టాలి" అన్నాడు. ఒళ్ళు మండింది. అయినా ఊరుకున్నాను. కళ్ళముందే జరిగిందిగా, రేవులో చెబుతాడనుకున్నాను. నలుగురిలో ఒక్క మాట, మా రాగ్నా పట్టింది అని. దారి పొడుగునా ఆ మాట ఆయన గొంతుతో ఎలా ఉంటుందో ఊహించుకుంటూ పడవ నడిపాను. రేవు కనపడగానే నాన్న చుక్కాని దగ్గరికొచ్చి, "ఇంక వాడికివ్వు. గట్టు మీద జనం ఉంటారు" అన్నాడు. ఇచ్చేశాను. అలా ఎందుకిచ్చానో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

మార్గిట్ నీళ్ళలో అంత లోతుకి దిగి రావడం చూసి రేవంతా చేరింది. హాల్వర్ ముందుకొచ్చాడు. టోపీ తీసి, నవ్వుతూ, ఎప్పటిలాగే "ఎక్కడ?" అని కేకేశాడు.

నాన్న ఆర్విద్ భుజం మీద చెయ్యి వేసి ముందుకి తోశాడు. "మా సరంగునడగండి!"

ఆర్విద్ నా వైపు చూశాడు. ఒక్క క్షణం వాడు చెబుతాడనిపించింది. "నీళ్ళలో" అన్నాడు.

అందరూ నవ్వారు. నాన్న అందరికంటే గట్టిగా నవ్వాడు.

నేను తాడు చుట్టడం ఆపేశాను.

"తెల్లబండ నెత్తిన నాలుగో అక్క" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "దక్షిణాన దీపస్తంభం చెట్లు దాటగానే ఆగాలి. ఎనభై బారల లోతు. మా పుస్తకంలో మూడో అక్క అని ఉంటుంది, అది అబద్ధం. అక్కడ వేస్తే సీవర్ట్ బాబాయి చెయ్యిలా అవుతుంది. ఇంకెవరైనా అడగాలా?"

హాల్వర్ టోపీ చేతిలోనే ఉంది. మనిషి నగ్నంగా బజారులోకొస్తే చూపు తిప్పుకున్నట్టు ఒకరిద్దరు తలలు తిప్పుకున్నారు.

"నోర్ముయ్యవే!" అని నాన్న అరిచాడు. "మూడు తరాల సొత్తే అది! నా కళ్ళముందే..."

వేలు చూపిస్తూ అరిచాడు. ఆ వేలు నాకు రెండు గజాల అవతలున్న ఐసు బండిని చూపిస్తోంది. ఆయన తిట్లన్నీ ఆ బండికే. జనం ఆ వేలు చూశారు, బండిని చూశారు, నన్ను చూశారు. ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది. అమ్మ గుంపులోంచి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని దించింది. "ఇంటికి పోదాం పద. అది అటు లేదు" అంది.

నాకు జాలి వేసింది. కోపం మాత్రం వీసమెత్తు తగ్గలేదు.

వారం తిరక్కుండా హాల్వర్ మా గుమ్మంలోకొచ్చాడు. నాన్న కోసం కాదు, నా కోసం.

"పుస్తకంలో గుర్తులు ఇంకెన్నున్నాయి?"

"ముప్పై ఒకటి."

"ఎవరికి తెలుసు?"

"రాసినవి ఆర్విద్‌కి తెలుసు. నిజంగా ఉన్నవి నాకు తెలుసు."

హాల్వర్ గడ్డం గోక్కున్నాడు. "నా నడుం పోయింది రాగ్నా. వచ్చే సీజన్‌కి సిగ్నె మీద నిలబడలేను."

"హాల్లో చెబుతావా? పండుగ నాడు, అందరిముందూ?"

"ఈసారి కాఫీ నా మీద పొయ్యనంటే చెబుతా."

చెప్పాడు. మరుసటేడు మే పదిహేడున, సిగ్నె చుక్కాని నాకిస్తున్నానని హాల్వర్ అనగానే, ముగ్గురంటే ముగ్గురు బల్ల చరిచారు. ఒకరు అమ్మ, ఒకరు ఆర్విద్. మూడో మనిషి సీవర్ట్ బాబాయి, ఎడమచేత్తో. ఆర్విద్ మర్నాడే కెచికాన్ వెళ్ళిపోయాడు, రేడియోల దగ్గరికి. మార్గిట్ రేవులోనే కట్టేసి ఉంది.

నాలుగో అక్క కింద ఆ సంవత్సరం ఏడు పడవలు నిలబడ్డాయి. నేను అటు పోలేదు. పద్దెనిమిదో పేజీలో రాసిన అక్కని వదిలేసి, దాని తర్వాతి అక్క కిందకి పోయాను. నిండు పడవతో తిరిగొచ్చాను. నాన్న రేవులో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు, రోజూ అక్కడే కూర్చుంటాడు. ఇంజను చప్పుడు విని, "ఎవరిదిరా, అంత బరువుగా వస్తోంది?" అని పక్కవాణ్ణి అడిగాడు. "సిగ్నె" అన్నాడు వాడు.

నాన్న కర్ర పట్టుకుని లేచాడు. గట్టు అంచుదాకా వచ్చి నిలబడ్డాడు. మర్యాద తప్పే మనిషి కాదు.

"ఎక్కడ?" అని కేకేశాడు.

నేను తాడు విసిరాను. అది ఆయన కాళ్ళ దగ్గరే పడింది.

"నీళ్ళలో" అన్నాను.

గట్టు మీద అందరూ నవ్వారు. నాన్న మాత్రం నవ్వలేదు. నేనూ నవ్వలేదు.